ఎండకు తప్పని శ్రుతి

దావీదూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మీ ఇంటికి వెళ్లి, నీ సింథసైజర్‌లో ధ్వని పుట్టించే ఆసిలేటర్‌ను కొన్నాను. నా లెక్కల పుస్తకంలో బేరమాడకుండా పెట్టిన ఖర్చు ఇదొక్కటే.

ఒక్కో భాగమే కొని మనిద్దరం సింథసైజర్లు చేసుకుంటున్నప్పుడు నువ్వు చెప్పావు.

"అన్నా, సప్పుడు పుట్టేకాడ పైసలు సూడకు. డబ్బా ఏదైనా నడుస్తది."

నేను వినలేదు. టేకు పెట్టె చేయించి, అందులో చవక ఆసిలేటర్ బిగించాను. కొత్తకోట ఎండకు నాది శ్రుతి తప్పేది. నూనె డబ్బాలో బిగించిన నీది తప్పేది కాదు. చర్చిలో అందరూ నీ చుట్టూ చేరితే, నీ డబ్బాలో ఉన్నది ఖరీదైన సామాను కదా అనుకుని కడుపుమంట చల్లార్చుకునేవాణ్ణి.

ఇవాళ నీ ఆసిలేటర్‌ను నా పెట్టెలో బిగించి, మీ వాకిట్లో మిట్టమధ్యాహ్నం దాకా వాయించాను. శ్రుతి ఒక్కసారీ తప్పలేదు. నీ భార్య మరియమ్మ గడప మీద కూర్చుని చివరిదాకా విన్నది.

"మంచిగనే ఉన్నదన్నా," అన్నది. "గని ఆయన వాయించినట్టు లేదు."

ఇన్నేళ్లూ నీ సామాను చూసే కుళ్లుకుంటున్నాననుకున్నాను. అది ఇప్పుడు నాదే. కుళ్లు మాత్రం పోలేదు, దావీదూ.