ఆయన ఫొటో, ఆకుపచ్చ గుర్తు లేకుండా

ఆదివారం, సాయంత్రం

నేను చెప్తున్నాను, మా కోడలు రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదు. అయినా ఒక్క మాట మార్చినా పట్టేస్తాను, రేపు మా అబ్బాయి చేత చదివించుకుంటాను. ఈ సంగతి కూడా రాయమన్నాను. మొహం ముడుచుకుని రాసింది. మొహం ముడుచుకుందని కూడా రాయమన్నాను.

ఎందుకు రాయిస్తున్నానంటే, రేపో మాపో ఈ ఇంట్లో అందరూ కూడబలుక్కుని ముసలిదానికి కెమెరా పిచ్చి పట్టిందని తేల్చేస్తారు. అప్పటికి నా వైపు వాదన అంటూ ఒకటి ఉండాలి.

మా తమ్ముడు పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. ఈమధ్య అద్దం లేని కొత్తరకం కెమెరా కొనుక్కుని, అద్దం ఉన్న పాతది బీరువాలో పడేశాడు. నాకిమ్మన్నాను. అది ఫుల్ ఫ్రేమ్ అక్కా, బరువు, నువ్వు మొయ్యలేవు అన్నాడు. నిన్ను మోశాను, నువ్వు ఇంతకంటే బరువు, పైగా ఏడ్చేవాడివి అన్నాను. ఇచ్చాడు.

ఫుల్ ఫ్రేమంటే, లోపల వెలుతురు పడే పలక పెద్దదట. మనిషి మొహంలో ఒక్క గీత కూడా పోదట. నాక్కావలసింది అదే.

మా ఆయనకి వచ్చే వారం, మంగళవారం, గుండె ఆపరేషన్. కవాటం మారుస్తారు. ఈలోపల ఆయన ఫొటో ఒకటి, మంచిది, నా చేత్తో తియ్యాలి. మా అక్క పోయినప్పుడు ఇల్లంతా వెతికినా ఒక్క ఫొటో దొరకలేదు. ఎవరి పెళ్ళిలోనో వెనక నిలబడ్డది ఉంటే, పక్కావిడని కోసేసి పెద్దది చేయించారు. అక్క భుజం మీద ఆ పక్కావిడ వేళ్ళు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. అక్క మొహం మాత్రం కలిపిన పిండిలా ఉంటుంది. మా ఆయన విషయంలో అలా జరగనివ్వను.

తీర్మానాలు:
రోజూ ఆయన్ని కూర్చోబెట్టి ఒక ఫొటో.
ఆకుపచ్చ గుర్తు ముట్టను. పైన చక్రం మీద ఆ గుర్తు పెడితే అన్నీ కెమెరాయే చూసుకుంటుందట. అదే చూసుకుంటే ఇక నేనెందుకు? రెండు కొండల్లా ఉండే ఇంగ్లీషు అక్షరం మీద పెడతాను. వెలుతురు, దూరం, అన్నీ నా చేత్తోనే.
ఇంకెవరూ కెమెరా ముట్టకూడదు. ముఖ్యంగా రాస్తున్నవాళ్ళు.

సోమవారం

మొదటి రోజు. చాలా బాగా జరిగింది.

ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నారు. గడియారాలు బాగుచేసే కొట్టు మూసేశాక ఆ బల్ల ఇంటికొచ్చింది. ఆయన దాన్ని వదల్లేదు. రోజూ ఏదో ఒక పాత గడియారం విప్పుతారు, మళ్ళీ బిగిస్తారు.

ఇటు చూడండి అన్నాను. చూడలేదు.

"గోడకెక్కించడానికా?" అన్నారు.

కాదు అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు పక్కనుంచి తీశాను. మసగ్గా వచ్చింది కానీ చెవి ఆయనదేనని పోల్చుకోవచ్చు. మొదటి రోజుకి చెవి చాలు.

మంగళవారం

టీ ఇచ్చి, తాగుతుండగా తీశాను. టీ గ్లాసు చేతిలో ఉంటే ఆయన లేవరు, అది నాకు తెలుసు.

కన్ను పెట్టి చూస్తే ఆయన నీళ్ళలో మునిగినట్టున్నారు. లెన్సు చుట్టూ ఉన్న పట్టీ ఇటు తిప్పాను, అటు తిప్పాను. మునిగిన మనిషి తేలలేదు. అలాగే నొక్కాను. కెమెరా వెనక తెర మీద చూసిన మా అబ్బాయి, నాన్నగారికి పొగ పెట్టావా అమ్మా అన్నాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఆకుపచ్చ గుర్తు పెట్టుకో అక్కా అన్నాడు. పెట్టేశాను. ఫోను.

బుధవారం

తమ్ముడే వచ్చాడు. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని ఒక్క నిమిషంలో తేల్చాడు. మనం కన్ను పెట్టే చోట పక్కన పప్పుగింజంత చక్రం ఒకటుంది. చూసేవాళ్ళ కంటికి తగ్గట్టు దాన్ని సరిపెట్టుకోవాలట, కళ్ళజోడులాగ. అది సరిగ్గా లేకపోతే కళ్ళకి అంతా మసకే. అందులోనూ నేను చేత్తో తిప్పుకునే రకం కాబట్టి ఫొటో కూడా మసకేనట.

నా కంటికి సరిపెట్టి వెళ్ళాడు. ఎదురింటి గేటు తుప్పు కనిపించింది. కోడలి గదిలో బూజు కనిపించింది, అది కూడా రాయమన్నాను.

మధ్యాహ్నం ఆయన కునుకు తీశారు. నేనూ తీశాను. లేచి టీ పెట్టి, కెమెరా ఎత్తితే మళ్ళీ నీళ్ళలో మనిషి.

చక్రం దానంతటది తిరగదు. ఇంట్లో ఉన్నది నలుగురం. మా అబ్బాయి పనికి వెళ్ళాడు. ఆయన నిద్రపోయారు. నేను నిద్రపోయాను. ఇంక మిగిలినదెవరో రాయమన్నాను.

నేను ముట్టలేదత్తయ్యా అని కూడా రాస్తాను అంది. సరే, ఒక్క లైను ఇచ్చాను. ఆ లైను ఇదే.

గురువారం

పొద్దున నేనే చక్రం సరిచేసుకున్నాను. గాయాలకి వేసే పట్టీ చిన్న ముక్క కోసి దాని మీద అతికించాను. ఇంక ఎవరు తిప్పుతారో చూస్తాను.

ఆయన మాత్రం ఇవాళ కూర్చోనన్నారు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడట. కుర్చీలో కూర్చోవడం విశ్రాంతి కాదా అంటే, నువ్వెదురుగా ఉంటే కాదు అన్నారు.

ఇవాళ ఫొటో లేదు. అయినా ఇది తీర్మానం తప్పడం కాదు. డాక్టరు చెప్పినది వినడం.

శుక్రవారం

పట్టీ వేసినది వేసినట్టే ఉంది. చక్రం మాత్రం తిరిగిపోయి ఉంది.

కోడలి చేత పట్టీ వేయించి చూశాను. అంచు వంకర వచ్చింది. ఇంత నీటుగా తీసి మళ్ళీ అతికించడం దాని వల్ల కాదు. కాబట్టి కోడలి మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. బూజు విషయం అలాగే ఉంటుంది.

రోజులు దగ్గర పడుతున్నాయి. నేను చేసింది చెప్తాను, దాచను. సాయంత్రం ఆయన కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయారు. ఆకుపచ్చ గుర్తు పెట్టాను. తీర్మానం తప్పాను, అవును. నొక్కాను. కెమెరాయే అన్నీ చూసుకుంది. చాలా బాగా చూసుకుంది.

తమ్ముడు చెప్పింది నిజం, ఒక్క గీత పోలేదు. గడ్డం కింద గీయడం మరిచిన నాలుగు తెల్ల వెంట్రుకలు, తెరుచుకున్న నోరు, కళ్ళ కింద సంచులు. అన్నీ ఉన్నాయి. నిద్రపోతున్నట్టు మాత్రం లేదు.

కోడలి చేత కెమెరాలోంచి ఆ ఫొటో తీసేయించాను. తీసేశావా అని అడిగాను. తీసేశాను అంది. మళ్ళీ అడిగాను. ఈసారి విసుక్కోకుండా చూపించింది.

తర్వాత ఆయన కుర్చీ దగ్గరికెళ్ళి, లేవండి, మెడ పట్టేస్తుంది అని కసిరి లేపాను.

శనివారం

దొరికారు.

మధ్యాహ్నం నేను నిద్ర నటించాను. ఆయన లేచారు. అడుగు కూడా వినిపించలేదు. గడియారాల బల్ల సొరుగులోంచి సన్నటి పట్టకారు తీశారు. పట్టీ అంచు పట్టుకుని, దోమ రెక్క విప్పినట్టు విప్పి, చక్రం రెండు గీతలు తిప్పి, మళ్ళీ అతికించారు. నేను మెల్లిగా లేచెళ్ళి వెనక నిలబడి మొత్తం చూశాను.

"ఏం చేస్తున్నారు?"

పట్టీ అంచు వేలితో అదిమారు. "చెడగొడుతున్నాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వారం నుంచి నా కళ్ళు పోయాయనుకుంటున్నాను, తమ్ముడిని తిట్టాను, పరాయి ఇంటి పిల్లని దొంగని చేశాను. అదంతా వరసపెట్టి అడిగాను. కోడలు తలుపు దగ్గర నిలబడి వింటోంది. విననీ అనుకున్నాను, దానికీ హక్కుంది.

ఆయన పట్టకారు తుడిచి సొరుగులో పెట్టారు. అప్పుడు చెప్పారు. కొట్టులో ఆయనకి ఒక పద్ధతి ఉండేదట. ఇన్నేళ్ళ కాపురంలో నాకూ తెలియదు. గడియారం బాగైపోయినా కొందరికి వెంటనే ఇచ్చేవారు కాదట. ఇంకా చిన్న పని మిగిలింది, వారం ఆగి రండి అనేవారట. మంచివాళ్ళకీ, కబుర్లు చెప్పేవాళ్ళకీ మాత్రమే అలా. బాగైన గడియారం చేతికిస్తే మనిషి మళ్ళీ కనిపించడు.

"పని మిగలబెడితే చచ్చినట్టు వచ్చేవాడు" అన్నారు.

"ఆ మాట అనకండి" అన్నాను.

తర్వాత ఆయనే అన్నారు.

"నా ఫొటో బాగా వచ్చేసిందనుకో, నీకిక నాతో పనేముంది? నిశ్చింతగా పంపేస్తావు. మిగలబెట్టు. పని మిగిలితే వస్తాను."

నిశ్చింతగా పంపేదెవరండీ అని అడగాలనుకున్నాను. భోజనానికి రండి అన్నాను. అప్పటికే భోంచేశాం.

ఇదంతా రాయకు అని కోడలితో అన్నాను. మళ్ళీ రాయమన్నాను.

ఆదివారం

ఇవాళ బట్టలు సర్దాలి. ఆస్పత్రికి తువ్వాళ్ళు, చెప్పులు, ఆయన కళ్ళజోడు. ఫొటోకి తీరిక లేదు.

తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చి నేను తీసిపెట్టనా అక్కా, రెండు నిమిషాల పని అన్నాడు. అక్కర్లేదన్నాను. ఆకుపచ్చ గుర్తు అయినా పెట్టుకో అన్నాడు. కెమెరా చక్రం చెడిపోయింది అన్నాను. చెడిపోలేదు కదా అన్నాడు. చెడిపోయిందని చెప్తున్నాను కదా అన్నాను.

సోమవారం

ఆస్పత్రిలో చేర్చాం. కెమెరా ఇంట్లోనే ఉంది. బరువు కదా.

వార్డులో నర్సు సంతకాలు పెట్టించుకుంది. నేను వేలిముద్ర వేశాను. మీరేమవుతారు అని అడిగింది. ఆయన భార్యని, ఇంటి దగ్గర ఆయనకి ఒక పని మిగిలుంది, అందుకని తొందరగా పంపండి అన్నాను. ఏం పని పెద్దమ్మా అంది. ఆయన ఊరికే కూర్చోవాలి, నేను చూడాలి, అదే పని అన్నాను. నర్సు కోడలి వైపు చూసింది. కోడలు, అవునండీ నిజమే, అంది. మా కోడలు మంచిదే.

మంగళవారం

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. చక్రాల మంచం మీద పడుకుని నా వైపు చూశారు. కళ్ళజోడు నా చేతిలో ఉంది, ఆయనకి నేను మసగ్గా కనిపించి ఉంటాను. చెయ్యెత్తాను, ఎవరో తెలియాలని.

బయట బల్ల మీద కూర్చున్నాం. మా అబ్బాయి నడిచాడు, కూర్చున్నాడు, మళ్ళీ నడిచాడు. తమ్ముడు వచ్చి పక్కన కూర్చుని, ఫొటో తీశావా అక్కా అని మెల్లిగా అడిగాడు.

లేదు, మిగిలుంది అన్నాను. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. వాడికి అర్థం కాలేదు. వివరించే ఓపిక నాకు లేదు.

బుధవారం

నిన్న సాయంత్రం డాక్టరు వచ్చి, అంతా బాగా జరిగింది, కవాటం శుభ్రంగా పని చేస్తోంది అన్నాడు. ఎన్నాళ్ళు పని చేస్తుందని అడిగాను. పెద్ద డాక్టరు కదా, నవ్వాడు, చెప్పలేదు.

రాయడానికి ఇంకేం లేదు. కోడలు నిద్రపోలేదు. దాన్ని పడుకోమన్నాను.

తర్వాతి వారం, శుక్రవారం

ఇంటికొచ్చేశారు.

సన్నబడ్డారు. కొట్టు మూసిన రోజున కూడా అంత నెమ్మదిగా నడవలేదు. మంచం మీద పడుకోమంటే వినలేదు, వెళ్ళి బల్ల ముందు కుర్చీలో కూర్చున్నారు. గడియారం తియ్యలేదు. ఊరికే కిటికీలోంచి చూశారు.

ఆదివారం, పొద్దున

నేను వంటింట్లో ఉన్నాను. కోడలు వచ్చి, అత్తయ్యా, మావయ్యగారు పిలుస్తున్నారు అంది. వెళ్ళాను.

తల దువ్వుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, గుండీలు పైదాకా. కోడలి చేత గడ్డం కూడా గీయించుకున్నారు, గడ్డం కింద తెల్ల వెంట్రుకలతో సహా. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నా వైపు తిరిగి కూర్చున్నారు. కెమెరా బల్ల మీద ఉంది.

"తియ్యి" అన్నారు.

కన్ను పెట్టాను. మసక లేదు. చక్రం ఎవరి కంటికి పెట్టాలో వాళ్ళ కంటికి పెట్టి ఉంచారు, పట్టీ కూడా తీసేశారు. కిటికీలోంచి ఎండ ఆయన ఎడమ చెంప మీద పడుతోంది. కళ్ళల్లో చిన్న కిటికీ కనిపిస్తోంది. పెదవి పక్కన గీత, నన్ను ఏదో అనబోయే ముందు వచ్చే గీత, అది కూడా ఉంది. లెన్సు పట్టీ కొంచెం కూడా తిప్పాల్సిన పని లేదు. వేలు మీట మీద ఉంది.

అలాగే చూశాను. చాలాసేపు చూశాను. చేతులు నొప్పి పుట్టాయి, ఈ కెమెరా బరువేనని తమ్ముడికి ఒప్పుకోవాలి.

తర్వాత దించేశాను.

"వెలుతురు సరిగ్గా లేదు. రేపు చూద్దాం" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఎండ కళ్ళల్లో పడి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

"అవును, మబ్బుగా ఉంది" అన్నారు. చొక్కా పై గుండీ తీసేసి, సొరుగులోంచి ఒక గడియారం బయటపెట్టారు.

ఏం రాయమంటారత్తయ్యా అని కోడలు అడిగింది. తీర్మానాలు మళ్ళీ మొదట్నుంచి రాయి అన్నాను. రేపట్నుంచి, రోజూ ఆయన్ని కూర్చోబెట్టి ఒక ఫొటో. ఆకుపచ్చ గుర్తు ముట్టను. అన్నీ నా చేత్తోనే. నిదానంగా.

గడువు ఎప్పటిదాకా అని అడిగింది.

అక్కడ ఖాళీ వదిలెయ్యి అన్నాను.