అంబలిలో మాత్ర

విశాఖపట్నం,
బుధవారం.

అచ్చియమ్మకు, నేను కులాసాగానే ఉన్నాను. ఆపరేషన్ మాత్రం ఇంకా కాలేదు, కంగారు పడకు.

సోమవారం నెత్తురు పరీక్ష చూసి డాక్టరు మండిపడ్డాడు. "హెర్నియా కోయాలంటే ఐదు రోజుల ముందే ఆ నెత్తురు పల్చబరిచే మాత్ర మానమన్నాను కదా! నెత్తురు ఇంకా పల్చగానే ఉంది, కోస్తే ఆగదు" అన్నాడు. మానేశానని ఒట్టు పెట్టుకున్నాను. మంచం దగ్గరికొచ్చి డబ్బా విప్పితే, మానేసిన రోజు నేను లెక్కపెట్టి ఉంచిన మాత్రల్లో ఐదు తక్కువ. "గుండెలో వాల్వు మార్చిన డాట్రు ఒక్కరోజూ మానొద్దన్నాడు, ఈయనేటి ఐదు రోజులు మానీమంతాడు?" అని నువ్వు గొణగడం గుర్తొచ్చింది. ఆ ఐదు పొద్దులూ నేను అంబలి తాగేదాకా నువ్వు గుమ్మంలోంచి కదల్లేదు.

కోపం వచ్చింది. సాయంత్రానికి పోయింది. నేనే మరిచిపోయి మింగానని డాక్టరుతో చెప్పాను. నీ భయం ఉత్తిదేమీ కాదట. కోతకి ముందు మానకపోతే ఎంత ముప్పో, కోత అయ్యాక మళ్ళీ వేసుకోకపోతే అంత ముప్పట, వాల్వు దగ్గర గడ్డ కడుతుందట.

వచ్చే సోమవారం కోస్తారు. సంతలో మనం అమ్మే ఉప్పు బస్తాలు దిగాయా? నువ్వు ఎత్తకు, మీ అన్న కొండబాబుని పిలు. కొండవాళ్ళు తెచ్చే పిప్పళ్ళు తడిగా ఉంటే కొనకు, ఎండాక తూకం తగ్గిపోతుంది. అమ్మకి దండాలు, పిల్లలకి దీవెనలు.

మాత్ర మళ్ళీ మొదలుపెట్టే రోజుకి నువ్వే రా. అంబలిలో వద్దు, నా అరచేతిలో పెట్టు.

వరహాలరావు