నాగభూషణం గారి ‘ఆయ్’

మంగళవారం రాత్రి, అమలాపురం

పొద్దున్న నాగభూషణం గారు కొబ్బరితోటలో కళ్ళు తిరిగి పడిపోయారు. గుండెకీ షుగరుకీ కలిపి మేం పరీక్షిస్తున్న కొత్త మాత్ర వేసుకుంటున్నవాళ్ళలో ఆయనొకరు. ప్రాణభయం లేదన్నారు. మాత్ర వేసుకునేవాళ్ళెలా ఉన్నారో ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకోవడం నా పని.

పోయిన వారం నేనే అడిగాను, "కళ్ళేమీ తిరగడం లేదు కదండీ?" అని. నవ్వుతూ "ఆయ్" అన్నారు. ఇబ్బందేమీ లేదని రాసుకున్నాను.

ఇవాళ ఆస్పత్రి వరండాలో వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకున్నారు. "మొన్న కూడా తూలి పడబోయేరండీ. తమరంత ఆప్యాయంగా అడుగుతుంటే బాలేదని ఎలా చెబుతారండీ? తమరు నొచ్చుకోరూ?"

నేనూ రాజోలు పిల్లనే. మా అమ్మ నా మాట సగం వినకుండానే ఫోన్లో ఆయ్ అంటుంది. అందులో అవునూ ఉంటుంది, కాదూ ఉంటుంది, ఒక్కోసారి ఉత్త మర్యాదే ఉంటుంది. కొత్తపేటలోనూ, మామిడికుదురులోనూ ఆ మాత్ర వేసుకునేవాళ్ళందరూ నాకు ఆయ్ అనే చెప్పారు. అందరూ బాగున్నారనే రాశాను. ఇప్పుడు వాళ్ళలో ఎవరు తూలుతూ కాలవగట్టు మీద నడుస్తున్నారో...

సాయంత్రం నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. జొన్నాడలో మంగతాయారు గారు ఒక్కరే ఉంటారు, ముందు ఆవిడకే చేశాను.

"కళ్ళు తిరుగుతున్నాయాండీ?"

"ఆయ్."

"పోనీ, తిరగడం లేదా?"

"ఆయ్. తమరెలా అంటే అలాగేనండీ."

నేను వచ్చేదాకా ఆ మాత్ర ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

"ఆయ్" అన్నారు.