నీ మీసం దిద్దిన చెయ్యి

మునస్వామీ,

నువ్వు పోయిన రెండేళ్లకు, నిన్న చిత్తూరులో నీ జీవితకథ పుస్తకం విడుదల చేశారు. అట్ట మీద దుర్యోధనుడి వేషంలో నువ్వు, పక్కన గద పట్టుకుని భీముడిగా నేను. లోపల మన స్నేహం మీద ఒక అధ్యాయమే ఉంది. ముప్పయ్యేళ్లు కలిసి నాటకాలాడినా ఒక్కనాడూ మాట తేడా రాలేదట!

నాకు ఒళ్లు మండింది. రాసినాయన్ని పక్కకు పిలిచాను.

"ఐరాల ఊరి ఆటలో నేను పద్యం మరిస్తే మునస్వామి జనం ముందర నవ్వినాడని, ఏడేండ్లు మాట్లాడుకోలేదు కదప్పా. ఆ ఏడేండ్లు యాడ పెట్టినావు?"

"అవన్నీ ఎందుకులే పెద్దాయనా, సదివేవాళ్లకు బాగుండదు," అన్నాడు.

పేరున్నవాళ్ల స్నేహాలన్నీ పుస్తకాల్లో ఇలాగే ఉంటాయి కాబోలు, గొడవలు ఏరేసి. కానీ ఆ గొడవ తీసేస్తే మన సంగతి ఏం తెలుస్తుంది? ఆ ఏడేళ్లూ ప్రతి ఆటకు ముందు నువ్వు పలకరించకుండానే వచ్చి నా ఎదుట కూర్చునేవాడివి. కళ్లు మూసుకుని మొహం పైకెత్తేవాడివి. నేనూ పలకకుండానే నీ మీసం దిద్దేవాణ్ణి.

మన జట్టులో రంగు వేయగలిగినవాళ్లు ఇంకో నలుగురు ఉండేవాళ్లు. వాళ్లెవరికీ నువ్వు నీ మొహం అప్పగించలేదు.