గీత ముందు దిష్టి పళ్ళెం

పజుండౌంగ్, రంగూన్

అమ్మకు పైడితల్లి నమస్కారాలు. అందరం కులాసాయే, కాని అత్త మీద నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిన్న మా బడిలో ఆడపిల్లల దూరపు పరుగు జరిగింది. గెలిచిన పిల్లనే ఊరి బళ్ళన్నిటి పోటీకి పంపుతారు. వాగు గట్టంతా చుట్టి అందరికన్నా ముందు నేనే వచ్చాను. ముగింపు గీత ఎదురుగా కనబడుతుండగా అత్త ఎర్రనీళ్ళ పళ్ళెంతో అడ్డం వచ్చింది.

"ఆగవే, ఇంతమంది కళ్ళు పడ్డాయి. దిష్టి తియ్యకుండా ఎక్కడికెల్తావు?" అంది.

దిష్టి నీళ్ళు ఎలా దాటను? నిలబడిపోయాను. అత్త పళ్ళెం తిప్పుతుండగానే బర్మా పిల్ల ఎయిమే గీత దాటేసింది.

మా దొరసాని టీచరమ్మ తన దేశంలో కాళ్ళకు కర్రపట్టీలు కట్టుకుని మంచు మీద జారే పోటీలు ఎన్నో గెలిచినావిడ. "మేము మంచులో పడినా లేచి పరుగు ముగించేవాళ్ళం. నువ్వెందుకు ఆగావు?" అని అడిగారు. రోజూ కొత్త ఇంగ్లీషు మాటలు వెతికి నేర్చుకునే నాకు దిష్టికి మాట దొరకలేదు. మామయ్యేమో, "పోన్లేయే, కాళ్ళిరగనేదు గదా" అని నవ్వుతున్నాడు.

అత్త అడ్డం వచ్చినందుకు వచ్చే నెల నాకూ ఎయిమేకూ మళ్ళీ పరుగు పెడతారట. అత్త ఈసారి కొబ్బరికాయ కూడా తెస్తానంటోంది.

చెల్లి దగ్గు తగ్గిందా? పోలయ్య చిన్నాన్న ఓడలో ఇక్కడికి వచ్చేటప్పుడు చింతపండు పంపించు. పరుగు రోజు నా దిష్టి నువ్వే అక్కడ తీస్తావనీ, ఒక పిల్లకు ఇద్దరు తీయకూడదనీ నాన్న చేత అత్తకు వెంటనే రాయించు. అబద్ధమైనా సరే. నీ ఉత్తరం రాకపోతే ఈసారి పళ్ళెం దాటేస్తాను. నాన్నకు దండాలు.

నీ కూతురు
పైడితల్లి