మడమ మీద దెబ్బ

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. ఇవాళ కామారెడ్డి ఆస్పత్రికి వెళ్లాను. నీకు వచ్చిన మూత్రంలో మంటే నాకూ వచ్చింది. డాక్టరు గోలీల రేకు చూపించి, "దమ్ముకు స్టెరాయిడ్ గోలీలు గిట్ల వాడుతున్నరా? వాడితే ఇవి వద్దు. ఒక్కోసారి మడమ ఎనక నరం తెగుతది" అన్నాడు.

ఆయాసానికి నువ్వు రోజూ మింగిన దమ్ము గోలీలు గుర్తొచ్చాయి. "తెగితే ఎట్లుంటది సారూ?" అని అడిగాను.

"ఎనకనుంచి ఎవరో కొట్టినట్టుంటది. చానామంది తిరిగి చూస్తరు."

నువ్వూ తిరిగి చూశావు. ఆ పొద్దున కాలువ నీళ్ల వంతు కోసం మనం కొట్లాడుకున్నాం. బురద మడిలో నువ్వు ముందు నడుస్తున్నావు, పార పట్టుకుని నేను వెనక. "పారతోని కొడ్తవారా నన్ను?" అంటూ కూలబడ్డావు. ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. మళ్లీ నడవలేదు. మంచంలోనే దమ్ము ఎక్కువై పోయావు, నాతో ఒక్క మాట మాట్లాడకుండానే.

నేను కొట్టలేదన్నా.

కానీ డాక్టరు చూపించిన ఆ రేకు నాకు తెలుసు. నీ మంటకని ఎల్లారెడ్డి మందుల దుకాణంలో అడిగి తెచ్చింది నేనే. ఆ పొద్దున కూడా, కొట్లాట అయ్యాక నువ్వు అలిగి వద్దంటే, నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి మింగించాను.

నీ తమ్ముడు