పుత్తూరు కట్టు

సత్యవేడు పోస్టాఫీసు,
11-2-1982, ఉదయం తొమ్మిది గంటలు.

మిత్రుడు మునస్వామికి,

చిత్తూరు బుడేన్ సాహెబ్ సలాం చేసి రాసేది. నేనూ గౌసియా బీ క్షేమం. నువ్వూ మునిరత్నమ్మా పిల్లలూ చల్లగా ఉండాలని అల్లాను వేడుకుంటున్నాను. ఎనిమిదేళ్లు ముఖం చాటేసినవాడికి క్షేమం అడిగే హక్కు లేదు. అయినా ఉత్తరమన్నాక అలాగే మొదలుపెట్టాలి కదా.

నేనిప్పుడు మీ ఊళ్లోనే, మీ ఇంటికి రెండు వీధుల అవతల, పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని ఉన్నాను. నిన్న సాయంత్రం బస్సుకు గంపలో నా పావురంతో దిగాను. ఈ పొద్దున సరిగ్గా ఎనిమిదికి దాన్ని వదిలాను. ఒక చుట్టు తిరిగి పడమటికి పోయింది. అక్కడ చిత్తూరులో మా మిద్దె మీద గౌసియా గడియారం పట్టుకుని కాచుకుని ఉంది. మా ఇంటి పక్కనున్న జౌళి అంగడికి పదింటికి ట్రంకాల్ బుక్ చేశాను. పావురం ఎప్పుడు దిగిందో ఆ ఫోనులో చెబుతుంది.

ఎందుకో నీకు తెలుసు. ఆనాడు పందేనికి మన ఇద్దరి పావురాలనూ చిత్తూరు నుంచి ఇక్కడికే తెచ్చి ఆరింటికి వదిలావు. నీది ఏడూ ఇరవైకి నా కళ్ల ముందే చిత్తూరులో మీ పాత మిద్దె మీద వాలింది. నాది పది దాటినా లేదు. కడుపు మండి కండక్టరు వరదయ్యను దూరం అడిగాను. "నూట ఇరవై కిలోమీటర్లు పైనే ఉండాది సాహెబూ, నా బస్సుకే నాలుగు గంటలు" అన్నాడు. సాయంత్రం నువ్వు బస్సు దిగగానే పదిమందిలో నిలబెట్టి, "నీ పావురాన్ని సగం దోవలో, పుత్తూరులో వదిలినావు కదప్పా" అన్నాను. విరిగిన ఎముకలకే కాదు, మునస్వామి కథలకూ పుత్తూరులోనే కట్టు కడతారని అందరినీ నవ్వించాను. "పుత్తూరు కట్టు" అనే పేరు నీకు అతుక్కుపోయింది. కొళాయి దగ్గర మునిరత్నమ్మను కూడా అలాగే పిలిచారట. "నా సంగతి తెలిసినోడివి, నువ్వే ఇట్లంటే ఎట్లబ్బా" అని ఒక్క మాటన్నావు. గూళ్లు పగలగొట్టి, ఊరే వదిలేసి ఇక్కడికి వచ్చేశావు.

నా పావురం గంటన్నరలో ఇల్లు చేరితే నీ మాట నిజం. మీ గడప ముందు నీ కాళ్లు పట్టుకుంటాను. చేరకపోతే ఈ ఉత్తరం చించేసి మధ్యాహ్నం బస్సెక్కుతాను. తొమ్మిదిన్నర అయింది. ఈపాటికి దిగి ఉండాలి.

ఇట్లు,
నీ బుడేన్ సాహెబ్

తా.క. ఫోను వచ్చింది. పావురం రాలేదు. ఆకాశమంతా వెతికినా జాడ లేదని, డేగ కొట్టి ఉంటుందని గౌసియా చెప్పింది. నా లెక్కన నేనే గెలిచాను. ఉత్తరం సగం చించాను కూడా, చిరుగు చూడు. కానీ మునస్వామీ, నాలుగేళ్ల కిందటే మా అల్లుడు జిల్లా పటం మీద రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి చూపించాడు. కొండలు చుట్టుకుని పోయేది బస్సు. గాలిదారిన వంద కిలోమీటర్లు కూడా లేదు, నీ పావురానికి గంటా ఇరవై నిమిషాలు చాలు. నువ్వు అబద్ధమాడలేదని నాకు ఆనాటి నుంచీ తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాక, నా బదులు పావురంతో చెప్పించాలనుకున్నాను. ఇక నేనే చెప్పాలి. ఈ ఉత్తరం మీ తలుపు సందులోంచి తోస్తాను. నువ్వు చదివి మునిరత్నమ్మకు వినిపించేదాకా అరుగు మీదే కూర్చుని ఉంటాను.